టైపిస్టు సినిమా ఏడో రీలు

సెప్టెంబరు ఒకటో తారీఖు, ఆదివారం, ఉదయం ఆరుంపావుకి జగ్గయ్యపేటలో ఆరోగ్యమ్మ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఆ సంగతి ఆమె తమ్ముడు వరప్రసాదరావుకి ఆరూ నలభైకి తెలిసింది. అప్పుడతను పరిటాలలో నెహెమ్యా ఇంటి వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నెహెమ్యా, అతనూ నందిగామ హైస్కూల్లో పద్నాలుగేళ్ళు పక్కపక్క కుర్చీల్లో పనిచేశారు. ముందు రోజు సాయంత్రం నెహెమ్యా మనవరాలి పుట్టినరోజు ప్రార్థన కూడిక జరిగింది. పాటలయ్యాయి, భోజనాలయ్యాయి, వాన మాత్రం తగ్గలేదు. ఈ వానలో ఎక్కడికి పోతావు, పడుకో అన్నాడు నెహెమ్యా. పడుకున్నాడు.

ఫోన్లో ఆరోగ్యమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"ప్రసాదూ, ఇంట్లో మోకాళ్ళ దాకా వచ్చినయ్ రా. నేను రత్తమ్మ వాళ్ళ మేడ మీదున్నా. నీ డబ్బాలు లోపలే ఉన్నయ్."

"ఏడో డబ్బా ముందు తియ్యక్కా."

"ఎర్ర రంగు పూసిందేగా?"

"అదే. ముందు అది తీసి..."

అక్కడ లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. కరెంటు రాత్రే పోయిందని, ఆమె ఫోన్లో చార్జింగ్ ఆ ఒక్క కాల్‌కే సరిపోయిందని తర్వాత తెలిసింది.

వరప్రసాదరావుకి అరవై ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరై పదేళ్ళయింది. నందిగామలో కూతురు రూబీ దగ్గర ఉంటాడు. రూబీది వార్డు సచివాలయంలో ఉద్యోగం. జగ్గయ్యపేట ఇల్లు తండ్రి శాంతయ్య కట్టింది. అందులో అక్క ఉంటోంది. ఆరోగ్యమ్మ 1983లో గంపలగూడెం నుంచి, అంటే అత్తగారింటి నుంచి, ట్రంకు పెట్టెతో వచ్చేసింది. ఆ తర్వాత మిషన్ హాస్టల్లో ముప్పై ఏళ్ళు వంట చేసింది. ఇప్పుడామెకి డెబ్భై నాలుగు.

డబ్బాలు ఏడు. వాటిలో ఉన్నది ఒకే సినిమా. పదహారు మిల్లీమీటర్ల ఫిల్మ్, ఏడు రీళ్ళు, 1932లో అమెరికాలో తీసింది. దాని ఇంగ్లీషు పేరు ఇంట్లో ఎవరి నోటా తిరిగేది కాదు. ఆరోగ్యమ్మ దానికి టైపిస్టు సినిమా అని పేరు పెట్టింది. అదే ఉండిపోయింది.

ఆ కాలపు సినిమాల మీద వరప్రసాదరావుకి ధ్యాస ఎలా కలిగిందో చెప్పాలి. 1988లో ఇంగ్లీషు టీచర్లకి హైదరాబాదులో మూడు నెలల శిక్షణ ఇచ్చారు. ఒక సాయంత్రం అక్కడి లెక్చరర్ వీడియో క్యాసెట్ వేశాడు. బ్యాంకు గుమాస్తా ఒకడు డబ్బు కాజేసి ఓడెక్కుతాడు. ఓడ కదులుతుంది. సినిమా అయిపోతుంది. పోలీసులు వస్తారని వరప్రసాదరావు ఎదురు చూశాడు. రాలేదు. లైట్లు వేశారు. వాడికి శిక్ష ఎందుకు పడలేదని లెక్చరర్‌ని అడిగాడు. ఆయన చెప్పిందిది: అమెరికాలో సినిమా కంపెనీలు 1930లోనే ఒక కట్టుబాటు రాసుకున్నాయి. తప్పు చేసినవాడికి చివర్లో శిక్ష పడాలి. మొగుణ్ణి వదిలిన ఆడది తిరిగి రావాలి, లేదంటే ఏడవాలి. ఆ రాత నాలుగేళ్ళు కాగితం మీదే ఉంది, ఈ సినిమా అప్పటిది. 1934 జులై నుంచి ఆ కట్టుబాటు పాటించినట్టు ముద్ర లేకుండా సినిమా హాలుకి వెళ్ళటం కుదరలేదు. అంతకు ముందు తీసినవాటిని మళ్ళీ విడుదల చేసేటప్పుడు కూడా నెగెటివ్‌లోనే కత్తిరించి, అతికించి ముద్ర వేయించుకున్నారు. కత్తిరించిన ముక్కలు చాలావరకు పారేశారు.

అప్పటి నుంచి వరప్రసాదరావు కత్తెర పడని సినిమాలు పోగు చేశాడు. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, తర్వాత డీవీడీలు, తర్వాత హార్డ్ డిస్కులు. మొత్తం మూడు వందల పన్నెండు సినిమాలు. బడిలో సంగతి పాకింది. మాస్టారి దగ్గర సెన్సారుకి ముందు అమెరికా సినిమాలున్నాయంట అన్నారు. ఒక శనివారం స్టాఫ్‌రూమ్ నుంచి ఆరుగురొచ్చి తలుపు గడియ వేసి కూర్చున్నారు. గంటన్నర చూశారు. డ్రిల్లు మాస్టారు లేచి, "ఇదేందండీ, అందరూ టెలిఫోన్లో మాట్లాడుకోటమేగా," అన్నాడు. మళ్ళీ రాలేదు. సంఘ పెద్ద సొలొమోను మాత్రం మందలించటానికి వచ్చి రెండు సినిమాలు చూశాడు. పోతూ పోతూ, "ఇందులో పాపం ఉంది గానీ ప్రసాదరావూ, దానికి జీతం ఇవ్వట్లేదు," అన్నాడు. పాపానికి జీతం మరణమన్న బైబిలు వాక్యం ఎరిగిన సంఘంలో ఆ మాట చాన్నాళ్ళు తిరిగింది.

టైపిస్టు సినిమా 1996లో సికింద్రాబాదులో పాత సామాను కొట్లో దొరికింది. ఏదో రైల్వే క్లబ్బుది అన్నాడు కొట్టువాడు. మిషన్ వాళ్ళు వాడటం మానేసిన ప్రొజెక్టర్ ఒకటి వరప్రసాదరావు అప్పటికే తీసుకుని ఉన్నాడు. జగ్గయ్యపేట ఇంట్లో గోడకి సున్నం కొట్టించి దాని మీద వేసుకున్నాడు. కథ పెద్దదేం కాదు. ఆఫీసులో టైపిస్టుకి యజమాని వల్ల పిల్లాడు పుడతాడు. యజమానికి పెళ్ళాం ఉంది. పెళ్ళాం చచ్చిపోతే యజమాని వచ్చి పెళ్ళి చేసుకుంటానంటాడు. ఇప్పుడు దొరికే ప్రతి కాపీలోనూ ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఒప్పుకుంటుంది, చర్చి గంట మోగుతుంది. వరప్రసాదరావు దగ్గరున్న ఏడో రీల్లో ఒప్పుకోదు. పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఆ చివరి నాలుగు నిమిషాలు ఇంకెక్కడైనా ఉన్నట్టు ఎవరికీ సమాచారం లేదు.

ఆ మాట చెప్పింది భార్గవ. భార్గవ నందిగామ బడిలో అతని దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు ముంబైలో పాత ఫిల్మ్ బాగుచేసే సంస్థలో పనిచేస్తున్నాడు. జనవరిలో అక్కడివాళ్ళు నాలుగు దేశాలకి ఉత్తరాలు రాసి వాకబు చేశారు. రీళ్ళు పంపండి మాస్టారూ, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం అన్నాడు భార్గవ. గోడ మీద బొమ్మని ఫోన్‌తో తీసి పంపితే చాలదా అని రూబీ ప్రయత్నించింది. చారలు తప్ప ఏమీ పడలేదు. కొరియర్‌లో వేయటానికి వరప్రసాదరావుకి మనసొప్పలేదు. ఇంకోసారి చూసుకుని ఇస్తా అన్నాడు. ఏప్రిల్లో చూశాడు. తర్వాత ఎండలన్నాడు, తర్వాత బీపీ అన్నాడు. ఆఖరికి భార్గవే సెప్టెంబరు పన్నెండున వచ్చి పట్టుకెళ్ళేట్టు అనుకున్నారు. అప్పటికి పదకొండు రోజులుంది.

*

పరిటాల నుంచి కీసర దాకా ఆటో దొరికింది. అక్కడ ఆగిపోయింది. ముందు ఐతవరం దగ్గర మునేరు హైవే మీదికొచ్చిందని పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. నందిగామ అటు, జగ్గయ్యపేట ఇంకా అటు. వరప్రసాదరావు లారీల వరస వెంట ముందుకి నడిచి, నీళ్ళు కనపడేదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచాడు. ఎనిమిదీ పదికి ముంబైకి ఫోన్ చేశాడు.

భార్గవ అంతా విని, నీళ్ళు మురికివా అని అడిగాడు. ఆరబెట్టేశారా అని అడిగాడు.

"తెలియదయ్యా. తియ్యమని చెప్పా. ఈపాటికి తీసే ఉంటది."

"మాస్టారూ, జాగ్రత్తగా వినండి. తడిసిన ఫిల్మ్ ఆరకూడదు. ఆరితే ఒకదానికొకటి అతుక్కుపోద్ది. చుట్ట విప్పొద్దు, తుడవొద్దు. నానిపోయి ఉంటది కదా, బొమ్మ పొర పాల మీద మీగడలాగా ఉంటది. బకెట్లో మంచినీళ్ళు పోసి చుట్ట చుట్టంగానే ముంచెయ్యండి. నేనొచ్చిందాకా నీళ్ళలోనే ఉండాలి."

వరప్రసాదరావు సరే అన్నాడు. జగ్గయ్యపేటలో తడిసింది ఏదైనా ఆరబెడతారు. మిరపకాయలు, కందులు, బడి పుస్తకాలు, పట్టా కాగితాలు, మంచాలు. తడిసినదాన్ని తడిలోనే ఉంచమంటే నమ్మేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. తను నమ్మేవాడా అంటే, ఫోన్ పెట్టేసేదాకా అతనికీ అనుమానంగానే ఉంది.

అక్కకి చేశాడు. స్విచాఫ్. మెసేజ్ పెట్టాడు. ఆమె మెసేజీలు చూడదని తెలిసీ పెట్టాడు. పక్కింటి రత్తమ్మ నంబరు అతని దగ్గర లేదు. రూబీకి చేస్తే ఆమె నందిగామలో పునరావాస కేంద్రంలో డ్యూటీలో ఉంది. బడి గదుల్లో రెండు వందల మంది ఉన్నారని, పులిహోర పొట్లాలు ఇప్పుడే వచ్చాయని చెప్పింది. నాన్నా, ఇక్కడ మనుషుల్ని చూడాలా, రీళ్ళని చూడాలా అంది. తర్వాత తనే మెత్తబడి, రేపు పొద్దున ఎవరికైనా డ్యూటీ అప్పగించి వెళ్తానంది. అత్త క్షేమంగా ఉందిగా అని అడిగింది. ఉందన్నాడు. అక్క తిన్నదా అని తను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజంతా కీసరలోనే గడిచింది. ఒక లారీ డ్రైవరు కేబిన్‌లో ఫోన్ చార్జింగ్ పెట్టుకోనిచ్చాడు, చోటిచ్చాడు. సిమెంటు దించి సూర్యాపేటకి తిరిగి పోతున్నాడట. ఇంట్లోవాళ్ళ కోసమా ఇన్నిసార్లు చేస్తున్నారు అని అడిగాడు. అవునన్నాడు వరప్రసాదరావు. ఆదివారం పొద్దున నుంచి సోమవారం పొద్దుటి దాకా అక్కకి నలభై ఒక్కసార్లు చేశాడు. ప్రతిసారీ అదే మాట, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

*

ఆరోగ్యమ్మ ఏం చేసిందో అతనికి తర్వాత రూబీ చెప్పింది, రత్తమ్మ చెప్పింది. ఇద్దరి మాటా ఒకటే.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు పిక్కల దాకా తగ్గాయి. ఆరోగ్యమ్మ కర్ర పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది. బీరువా కింది అరలో ఏడు డబ్బాలూ మునిగి ఉన్నాయి. ఎర్ర రంగు డబ్బా తీసుకుంది. పక్కనే ఆమె ట్రంకు పెట్టె ఉంది. అందులో ఆమె సర్వీసు కాగితాలు, అమ్మానాన్నల ఫోటో, బాప్తిస్మం సర్టిఫికెట్టు ఉన్నాయి. ముందు నీ పెట్టె తెచ్చుకోరాదా అంది రత్తమ్మ, మేడ మీద నుంచి.

"అయ్యి నాయ్యేగా, తర్వాత చూసుకుంటా," అంది ఆరోగ్యమ్మ.

రత్తమ్మ మేడ మీద రేకుల షెడ్డు ఉంది. ఆరోగ్యమ్మ షెడ్డు కింద దండేలు కట్టింది. ఎండ తగిలితే ఫిల్మ్ వంకర పోతుందని ఆమెకి తెలుసు. తమ్ముడు చెప్పాడు. అందుకే నీడలోనే కట్టింది. డబ్బా మూత తీస్తే నీళ్ళూ బురదా. నూలు చీర చింపి, బిందెలో నీళ్ళు పెట్టుకుని, చుట్ట పై కొస పట్టుకుని మూరెడు మూరెడు లాగుతూ తుడిచింది. గుడ్డకి నల్లగా అంటింది. బురద అనుకుంది. గుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, అప్పుడు దండెం మీద వేసింది. ఆదివారం చీకటి పడేదాకా చేసింది. సోమవారం ఆరింటికే మళ్ళీ కూర్చుంది. రెండుసార్లు నడుం పట్టేసిందని, తిన్నది ఒక బన్ను ముక్కేనని రత్తమ్మ చెప్పింది.

రూబీ చిల్లకల్లు నుంచి ట్రాక్టరెక్కి సోమవారం పదకొండింటికి చేరింది. మెట్లెక్కి, దండేలు చూసి, అత్త చేతిలో చుట్ట చూసింది.

"అత్తా, ఆపు."

"ఇంకాస్తే ఉందే. అయిపోవచ్చింది."

రూబీ ఆమె చేతిలోంచి చుట్ట తీసుకుంది. నాన్న చెప్పినట్టు చెప్పింది. ఆరోగ్యమ్మకి సగం అర్థమైంది, సగం కాలేదు. నీళ్ళలో తడిసిందని తీస్తే మళ్ళీ నీళ్ళలో పెట్టటమేంటి అంది. మిగతా ఆరు డబ్బాల వైపు ఆమె ఇంకా వెళ్ళలేదు. రూబీ వాటిని మూతలు తీయకుండా తెచ్చింది. బకెట్లు మూడు దొరికాయి. మంచినీళ్ళు దొరకలేదు. సాయం కింద ఇంటికి రెండు చొప్పున పంచిన తాగే నీళ్ళ టిన్నుల్లో ఒకటి విప్పి పోసింది. చాలక రత్తమ్మది ఒకటి అడిగింది.

రత్తమ్మ ఇచ్చింది. ఊరకే ఇవ్వలేదు.

"మనుషులు గొంతు తడుపుకోటానికి లేకపోతే మీ నాన్న బొమ్మలకి స్నానాలా తల్లీ? పోయ్యి. ఆ టైపిస్టు ఏమన్నా రేపు మనకి వండిపెడుద్దేమో."

*

వరప్రసాదరావు సోమవారం సాయంత్రం ఐదింటికి వచ్చాడు. మధ్యాహ్నం లారీలని ఒక్కొక్కటిగా వదిలారు. అక్క విప్పి తుడిచిందని రూబీ ఫోన్లో చెప్పింది, దారి పొడుగునా అక్కని ఏమనాలో అనుకుంటూ వచ్చాడు. నీకెవరు విప్పమన్నారు అనాలనుకున్నాడు. నందిగామ దాటాక, నేను తియ్యమన్నాను గానీ తుడవమన్నానా అనాలనుకున్నాడు.

మేడ మీద ఆరోగ్యమ్మ నేల మీద కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి లేవబోయి, లేవలేక అట్లాగే కూర్చుంది. దండేల వైపు చెయ్యి చూపించింది.

"ఒక్క మచ్చ లేకుండా తీశా చూడు. అద్దంలాగా వచ్చింది."

అద్దంలాగానే ఉంది. వరప్రసాదరావు ఒక కొస పట్టుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. అవతల కొబ్బరి చెట్టు కనపడింది. ఇంకో దండెం దగ్గరికి వెళ్ళి ఇంకోచోట చూశాడు. అక్కడా కొబ్బరి చెట్టే. ఫిల్మ్ అంచున కంతలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

రూబీ తండ్రి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఏమీ అనొద్దని ఆ ఊపుకి అర్థం. అనటానికి అతనికీ ఓపిక లేదు. ముప్పై నాలుగు గంటల్లో పడుకున్నది లారీ సీటు మీద రెండు గంటలు. తిన్నావా అక్కా అని అడిగాడు. ఇప్పుడే తిన్నానంది. బాగా కష్టపడ్డావ్ అన్నాడు.

బకెట్ దగ్గర కూర్చున్నాడు. చుట్టలో మిగిలింది ఒక వేలి మందం. పై పొర చివర నీళ్ళలో తేలుతోంది. ముట్టుకోకుండా రూబీ ఫోన్ లైటు పట్టింది. కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు. ఫ్రేములు చిన్నవి, అయినా ఆ సినిమాని ముప్పై సార్లకి తక్కువ కాకుండా చూసినవాడికి ఆనవాలు పట్టటం కష్టం కాదు. బల్లలు, బల్లల మీద టైపు మిషన్లు, వరసగా ఆడపిల్లలు. ఏడో రీలు మొదలయ్యేది ఆ ఆఫీసు గదితోనే.

మొదలు లోపల ఉండకూడదు. ప్రొజెక్టర్‌లో సినిమా తిరిగి అవతలి చక్రానికి చుట్టుకుంటుంది. అప్పుడు చివర పైకొస్తుంది, మొదలు లోపలికి పోతుంది. మళ్ళీ వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను అట్లాగే పెట్టాడు. ఏప్రిల్ ఇరవై ఎనిమిది ఆదివారం ఏడో రీలు అయిపోగానే కరెంటు పోయింది. గంట చూశాడు. ఉక్కపోసింది. నందిగామ బస్సు వేళయింది. వచ్చేవారం చుడదాంలే అని ఉన్నది ఉన్నట్టు డబ్బాలో పెట్టి మూత వేశాడు. వచ్చేవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కాబట్టి ఆరోగ్యమ్మ చేతికి ముందు అందింది చివరి భాగం. లోపల బతికింది, అన్ని కాపీల్లోనూ ఉన్న భాగం. చుట్టి పెట్టి ఉంటే అది తిరగబడేది.

లైటు తీసెయ్యమన్నాడు. ఏం నాన్నా అంటే ఏం లేదన్నాడు.

*

రైళ్ళు సరిగా తిరగక భార్గవ తొమ్మిదో తారీఖుకి గానీ రాలేకపోయాడు. ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళతో సహా చుట్టలు సర్దుకున్నాడు. తుడిచిన ఫిల్మ్ కూడా ఇమ్మన్నాడు. ఫిల్మ్ అంచున ఉండే శబ్దం గీత ఎక్కడైనా మిగిలి ఉంటుందేమో చూస్తామన్నాడు. ఆరోగ్యమ్మ దాన్ని మడత పడకుండా చుట్టి, ఉతికిన దిండు గలీబులో పెట్టి ఇచ్చింది. భార్గవ రెండు చేతులతో అందుకున్నాడు. చాలా శుభ్రంగా ఉంచారమ్మా అన్నాడు. వాడు ఎనిమిదో క్లాసులోనూ అంతే, ఎదుటివాళ్ళని నొప్పించేవాడు కాదు.

అక్టోబరు పదకొండున ముంబై నుంచి నివేదిక వచ్చింది. ఒకటి నుంచి ఆరు రీళ్ళలో ఎనభై శాతానికి పైగా బొమ్మ దక్కింది. ఏడో రీలు మూడు వందల డెబ్భై అడుగుల్లో యాభై ఎనిమిది అడుగులు దక్కింది. మిగతా దానిలో బొమ్మ లేదు, శబ్దం లేదు. దానితో పాటు భార్గవ మెయిల్ రాశాడు. చివరి నాలుగు నిమిషాలు చూసిన మనిషి తెలిసినంతలో మీరొక్కరే, గుర్తున్నది గుర్తున్నట్టు షాటు షాటుకీ రాసి పంపండి, ఊహించి ఏదీ చేర్చొద్దు, ఫైల్లో పెడతాం అని.

వరప్రసాదరావు జగ్గయ్యపేట వెళ్ళాడు. బురద కడిగిన గోడ మీద మూడడుగుల ఎత్తున గీత ఉంది. ఆరోగ్యమ్మ గుమ్మంలో కూర్చుని వరద సాయంలో వచ్చిన కందిపప్పు చేటలో పోసుకుని ఏరుతోంది. అతను నోట్‌బుక్ తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఏం రాస్తున్నావంటే చెప్పాడు.

"రీలు వాళ్ళ దగ్గరే ఉందిగా. చూసుకుంటే పోలా, రాయటం దేనికి?"

అతను పెన్ను మూత పెట్టాడు. తీశాడు.

"చివర లేదక్కా."

"లేకపోటమేంది?"

ఆమె చేతులు చేటలో ఆగాయి.

"నేను తుడిచిందా?"

"ఊఁ."

"గుడ్డకి నల్లగా అంటింది. అదా బొమ్మ?"

"అదే."

ఆరోగ్యమ్మ చేట పక్కన పెట్టింది. నెలా పది రోజులు ఎందుకు చెప్పలేదని అడిగింది. జవాబుగా అతను ఏప్రిల్ సంగతి చెప్పాడు. కరెంటు పోవటం, చుట్టకుండా డబ్బాలో పెట్టటం, చివర పైన ఉండిపోవటం. నేను చుట్టి పెట్టి ఉంటే నువ్వు తుడిచింది పనికిరాని ముక్క అయ్యుండేదన్నాడు. జనవరిలోనే పంపించి ఉంటే అసలీ గొడవే లేదన్నాడు.

ఆమె అంతా విన్నది.

"విడిచిన చొక్కా విడిచినచోటే వదిలేసేవాడివి. అమ్మ చెప్పి చెప్పి పోయింది," అంది. మళ్ళీ కందిపప్పు ఏరటం మొదలుపెట్టింది. కాసేపటికి, "రాయి మరి. ఎక్కడి నుంచి రాయాలి?" అంది.

అతను రాయటం మొదలుపెట్టాడు. రాసినది తెలుగులో చదివి వినిపించాడు. యజమాని గదిలోకొస్తాడు. ఉంగరం తీసి బల్ల మీద పెడతాడు.

"బల్ల మీద కాదు. టైపు మిషను మూత మీద. చప్పుడవుద్ది."

అతను కళ్ళు మూసుకుని చూశాడు. మూత మీదే. కొట్టేసి రాశాడు. ఆ పిల్ల చేతులకి తొడుగులు వేసుకుంటుంది. ముందు ఎడం చేతికి అంది ఆరోగ్యమ్మ. పిల్లాణ్ణి ఎత్తుకుంటుంది. పిల్లాడి ఒక కాలికి మేజోడు లేదంది. అది అతనికి తెలియదు. ముప్పై సార్లలో ఎప్పుడూ గమనించలేదు. నిజమేనా అని అడిగాడు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోతే చూడక ఏం చేస్తా, నువ్వు మాటలు వినేవాడివి, నేను చూసేదాన్ని అంది. అది కూడా రాశాడు, ఎవరు చెప్పిందో పక్కన గుర్తు పెట్టి.

మెట్లు దిగుతుంది. పదకొండు మెట్లు కనపడతాయి. వాకిట్లో కాపలావాడు టోపీ ముట్టుకుంటాడు. ఆమె వీధిలోకి వస్తుంది. జనం వస్తూ పోతూ ఉంటారు. ఆమె వాళ్ళలో కలుస్తుంది.

"అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఆ ఆఫీసు మేడ వైపు ఒకసారి చూస్తుంది," అని చదివాడు వరప్రసాదరావు.

"చూడదు."

"చూస్తదక్కా. ఒక్క క్షణం."

"చూసేది పిల్లాడు. ఆమె భుజం మీంచి. ఆమె తిరగదు."

అతను ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోలేదు. కరెంటుంటే ప్రొజెక్టర్ వేసి చూసుకునేవాళ్ళు, ఇదివరకైతే. ఇద్దరూ చెరో పది నిమిషాలు చెప్పారు. రత్తమ్మ గోడ మీంచి తల పెట్టి, ఏంటమ్మా గొడవ అంది. ఏం లేదులే, టైపిస్టు అంది ఆరోగ్యమ్మ. ఇంకా పోలేదా ఆవిడ అని రత్తమ్మ లోపలికెళ్ళింది.

చివరికి అతను రెండూ రాశాడు. ఇంటికెళ్ళి ఇంగ్లీషులోకి మార్చి, రూబీ చేత టైపు చేయించి పంపాడు. నాలుగు పేజీలు వచ్చింది.

అక్టోబరు ఇరవై రెండు, మంగళవారం, ఉదయం పదకొండూ ఇరవైకి భార్గవ నుంచి అందినట్టు మెయిల్ వచ్చింది. ఫైల్లో పెట్టిన కాగితం నకలు జతచేశాడు. ఆఖరి షాటు దగ్గర రెండు కథనాలూ ఉన్నాయి. కింద సాక్షులు ఇద్దరని రాసి, పేర్లు అక్షర క్రమంలో వేశారు. మొదటి పేరు ఆరోగ్యమ్మది.